మనవాళ్ళ మధ్యనే మనం ఎందుకు మిగిలిపోతున్నాం?

(మా పట్టణంలో జరిగిన విద్యార్థుల, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము పండితులం కాము. డిగ్రీ చదివి, రెవిన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, 36 సంవత్సరాలు ఫైళ్ళ మధ్య గడిపి పదవీ విరమణ చేసినవారము. ఈ సభలో స్నేహాల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, రిజర్వేషన్ల మీదనో, వక్ఫ్ భూముల మీదనో అయితే నాలుగు జీవోల సంఖ్యలైనా చెప్పగలం గాని, స్నేహం మీద ఏమి చెప్పగలమని సందేహించాము. తరువాత మా ఇంట్లోనే జరిగిన ఒక సంఘటన గుర్తుకు వచ్చింది. దానితోనే ఆరంభిస్తాము.

మా చిన్న కుమార్తె నికాహ్ విందుకు కార్యాలయ సహోద్యోగులు నలభై మంది దాకా వచ్చారు. శాకాహారుల కోసం వేరుగా వండించాము. అందరూ ఒక వైపు బల్లల వద్ద కూర్చుని, భోజనం చేసి, వధువుకు కానుక ఇచ్చి, గంటలోపే సెలవు తీసుకున్నారు. మర్యాదలో ఎవరి వైపునా లోపం లేదు. ఆ రాత్రి మా శ్రీమతి ఒక ప్రశ్న వేసింది. "ఇన్నేళ్ళు వీళ్ళతో కలిసి పనిచేశారు కదా, వీళ్ళలో ఎవరింటికైనా నన్ను ఒక్కసారైనా తీసుకువెళ్ళారా?" మేము చాలాసేపు ఆలోచించాము. చెప్పడానికి ఒక్క ఇల్లు కూడా కనబడలేదు. రోజుకు ఎనిమిది గంటలు వారితోనే గడిపాము. మా మంచిచెడ్డలు పంచుకున్నది మాత్రం మొహల్లాలోని నలుగురైదుగురితోనే. ఆ నలుగురైదుగురూ మా మతం వారే, మా భాష వారే, ఇంచుమించు మా జీతం వారే.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఇది మన దోషమా, ఎదుటివారి దోషమా, లేక మనిషి స్వభావమే ఇంతా? ఈ మూడు ప్రశ్నలనూ విడదీసి చూడకపోతే మన హక్కుల పోరాటం కూడా సగంలోనే నిలిచిపోతుందని మా అభిప్రాయం.

మొదట స్వభావం మాట. "ఏ గూటి పక్షి ఆ గూటికే" అని మన పల్లెల్లో అంటారు. ఈ లోకానుభవాన్నే సామాజిక శాస్త్రవేత్తలు శాస్త్రంగా పరిశీలించారు. అమెరికాలో పాల్ లాజర్స్‌ఫెల్డ్, రాబర్ట్ మెర్టన్ అనే ఇద్దరు 1954లో రెండు గృహ సముదాయాలలోని స్నేహాలను పరిశీలించి, పోలిక గలవారితోనే మనుషులు స్నేహం చేసే ఈ గుణానికి ఒక పేరు పెట్టారు. అందులో రెండు రకాలున్నాయన్నారు. జాతి, మతం, చదువు, వృత్తి, వయసు వంటి హోదాల పోలిక ఒకటి. విలువల పోలిక, అంటే ఏది మంచి, ఏది చెడు అనే విషయంలో ఏకాభిప్రాయం రెండవది.

దీనిలో వింత ఏమీ లేదు. మనతో పోలిక ఉన్నవారికి మన విషయం మొదటి నుంచి వివరించనక్కర లేదు. రంజాన్ మాసంలో మధ్యాహ్నం టీ ఎందుకు వద్దంటున్నామో చెప్పనక్కర లేదు. ఇంట్లో మాట్లాడే ఉర్దూను మార్చుకోనక్కర లేదు. శ్రమ లేని చోట మనసు విశ్రాంతి తీసుకుంటుంది. అల్పసంఖ్యాకులకు ఇది విశ్రాంతి మాత్రమే కాదు, ఆసరా కూడా. మొహల్లాలో ఒక మరణం సంభవిస్తే గంటలో జనాజాకు ఏర్పాట్లు జరిగిపోతాయి. పేద పిల్ల పెళ్ళికి నలుగురు చేతులు వేస్తారు. ఆసుపత్రిలో రక్తం కావాలంటే అర్ధరాత్రి కూడా యువకులు బయలుదేరుతారు. ఈ బంధాన్ని ఎవరైనా సంకుచితత్వమని నిందిస్తే మేము ఒప్పుకోము. అగ్రహారాలు, వృత్తి కులాల వాడలు, కుల సంఘాల వసతి గృహాలు వెలసిన దేశంలో, పోలిక గలవారు ఒకచోట చేరడం మన ఒక్కరి నేరం ఎలా అవుతుంది?

కాబట్టి స్వభావం ఉన్నమాట నిజమే. కాని స్వభావమే సర్వస్వం కాదు. ఇది మా రెండవ మాట.

1950లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, వివాహితులైన విద్యార్థులు నివసించే ఇళ్ళను ఆధారం చేసుకుని ఒక అధ్యయనం వెలువడింది. లియాన్ ఫెస్టింజర్, ఆయన సహచరులు చేసిన పని అది. ఎవరికి ఎవరితో స్నేహం కుదిరిందని వెదికితే, అన్నిటికన్నా బలమైన కారణం గుణగణాలు కాదు, తలుపుల మధ్య దూరమని తేలింది. పక్క తలుపు వారితో స్నేహం ఎక్కువ, నాలుగో తలుపు వారితో తక్కువ. మెట్ల పక్కనున్న ఇంటివారికి పై అంతస్తులోనూ స్నేహితులుండేవారు. ఎందుకంటే పై వారు దిగుతూ ఎక్కుతూ కనబడుతుంటారు. అంటే మనం స్నేహితుణ్ణి ఎంచుకున్నామని అనుకుంటాం గాని, ఎంచుకోవడానికి మన ముందు ఎవరున్నారో ముందుగానే ఇంకెవరో నిర్ణయించి ఉంటారు. ఇల్లు, బడి, కార్యాలయం, ఈ మూడే ఆ నిర్ణయం చేస్తాయి.

మా అనుభవమూ అదే. కార్యాలయంలో మా పక్క బల్ల మిత్రుడు ఒక వైష్ణవ కుటుంబానికి చెందినవారు. మతంలో, భాషలో, ఆహారంలో మాకు పోలిక లేదు. బల్లలు రెండూ ఆనుకుని ఉండటమే మా పోలిక. ఒకనాడు ఆయన, "సాయెబు గారూ, డిపార్ట్‌మెంటు పరీక్షలకు దరఖాస్తు గడువు ఎల్లుండితో ముగుస్తుంది, కట్టారా?" అని అడిగారు. మాకు ఆ సంగతే తెలియదు. మొహల్లాలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అక్కడ ప్రభుత్వ ఉద్యోగులే లేరు. ఆ పరీక్ష వ్రాసి ఉత్తీర్ణులం కాకపోతే సీనియర్ అసిస్టెంటు పదోన్నతి మాకు అందేది కాదు. మమ్మల్ని ప్రాణంగా చూసుకునే మొహల్లా ఇవ్వలేని ఒక్క వార్తను, మా ఇంటి గడప తొక్కని మనిషి ఇచ్చాడు.

తరువాత ఎన్నో ఏళ్ళకు, దీనికి కూడా శాస్త్రం ఉందని చదివి ఆశ్చర్యపోయాము. మార్క్ గ్రనోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన వ్యాసంలో, పరిచయస్థుల ద్వారా ఉద్యోగం సంపాదించినవారిని ప్రశ్నించిన వివరాలు ఇచ్చాడు. ఉద్యోగ వార్త చెప్పిన మనిషిని తరచుగా కలిసేవారు నూటికి 17 మంది కన్నా తక్కువ. అప్పుడప్పుడు కలిసేవారు 56 మంది దాకా ఉన్నారు. ఎప్పుడో గాని కలవనివారు 28 మంది దాకా ఉన్నారు. కారణం సులభమే. దగ్గరి స్నేహితులకు తెలిసినది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త వార్త దూరపు పరిచయం నుంచే రావాలి.

తల్లిదండ్రులారా, ఇక్కడ కొంచెం నిదానించండి. మన పిల్లవాడి స్నేహితులందరూ మెకానిక్ షెడ్డులో, పండ్ల బండి దగ్గర, టైలరింగు కొట్టులో ఉంటే, అతని చెవిన పడే ప్రతి అవకాశమూ మెకానిక్ షెడ్డుదో, పండ్ల బండిదో, టైలరింగు కొట్టుదో అవుతుంది. ఆ వృత్తులన్నీ గౌరవనీయమైనవే. కాని ప్రవేశ పరీక్ష తేదీ, స్కాలర్‌షిప్ గడువు, ఖాళీ పోస్టు వార్త ఆ దారిన రావు. వివక్ష చూపేవాడు ఎదురు రాకపోయినా సరే, కేవలం పరిచయాల వలయం చిన్నదైనందువల్లనే మన పిల్లలు వెనుకబడిపోతారు. వివక్ష చూపేవాడు కూడా ఎదురైతే ఇక చెప్పేదేముంది?

వివక్ష సంగతి ఇప్పుడు చెబుతాము.

మా చిన్నతనంలో మేముండే వీధి కలగలుపు వీధి. మాకు ఎదురింటివారు కంసాలులు, పక్కన ఒక రెడ్డి గారి ఇల్లు, మూలన మంగలివారు. వరుసలు పెట్టి పిలుచుకునేవాళ్ళం. మామా, అత్తా, చిన్నాయనా అన్న పిలుపులకు మతం అడ్డు వచ్చేది కాదు. పీర్ల పండుగకు గుండం చుట్టూ అలాయి ఆడినవారిలో మనకన్నా వాళ్ళే ఎక్కువగా ఉండేవారు. నేడు అదే వీధిలో అన్నీ మన ఇళ్ళే. కంసాలివారు వేరే కాలనీకి వెళ్ళిపోయారు. వారిని ఎవరూ తరిమివేయలేదు. మనల్ని కూడా ఎవరూ ఇక్కడ బంధించలేదు. మరి ఎలా జరిగింది?

థామస్ షెల్లింగ్ అనే ఆర్థికవేత్త 1971లో దీనికొక లెక్క చూపాడు. చదరంగం బల్ల వంటి గళ్ళ మీద రెండు రకాల నాణేలు పెట్టాడు. ప్రతి నాణెమూ, ఇరుగుపొరుగులో కొంత భాగమైనా తన వంటివారు ఉంటే చాలునంటుంది. అంతకు మించి కోరదు, ఎవరినీ ద్వేషించదు. అంత స్వల్పమైన కోరికతోనే నాణేలు ఒక్కొక్కటి జరుగుతూ పోగా, చివరకు బల్ల మీద రెండు వేరు వేరు వాడలు ఏర్పడతాయి. ఒక ఇల్లు ఖాళీ అయినప్పుడు రెండవ ఇంటివారికి ఒంటరితనం పెరుగుతుంది. వారు కదిలితే మూడవ ఇంటివారికి పెరుగుతుంది. మా వీధి కథ అక్షరాలా ఇదే.

అయితే నాణేలకు లేనిది మనుషులకు ఒకటి ఉంది. అది భయం. అల్లర్ల వార్త వచ్చిన ప్రతిసారీ రెండు వైపులా కొన్ని ఇళ్ళు కదులుతాయి. 2005లో నియమించబడిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదికలో దీనిని స్పష్టంగా గుర్తించింది. భద్రత గురించిన భయం ముస్లింలను ఒకేచోట గుమిగూడి నివసించేటట్లు చేస్తోందనీ, అలా గుమిగూడిన ప్రాంతాలు నీరు, పారిశుద్ధ్యం, బడులు, బ్యాంకుల విషయంలో నిర్లక్ష్యానికి సులభంగా గురవుతున్నాయనీ చెప్పింది. భయపడి దగ్గరైనందుకు శిక్షగా మురుగు కాలువ కూడా రాదన్నమాట!

భయంతో పాటు తిరస్కారం. మా పెద్ద కుమార్తెకు మహానగరంలో ఉద్యోగం వచ్చినప్పుడు అద్దె ఇంటి కోసం వెదికింది. ఫోనులో ఇల్లు ఖాళీ ఉందనేవారు. పేరు చెప్పగానే ఖాళీ లేదనేవారు. ఒక పెద్దాయన మాత్రం ఎంతో మృదువుగా, "ఏమీ అనుకోకమ్మా, మావాళ్ళకే ఇద్దామనుకుంటున్నాం" అన్నారట. మా అమ్మాయి ఏడవలేదు, కోపగించుకోలేదు. "అబ్బా, ఆయన నిజం చెప్పారు, అదే నయం" అంది. ఆ మాట విన్న తండ్రికి ఎలా ఉంటుందో ఇక్కడి తండ్రులకు చెప్పనక్కర లేదు.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. ప్యూ పరిశోధనా సంస్థ సుమారు 30,000 మంది భారతీయులను ప్రశ్నించి 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారం, ముస్లిం పొరుగువాడు తమకు సమ్మతం కాదన్న హిందువులు నూటికి 36 మంది. అంటే నూటికి అరవైకి పైగా అటువంటి అభ్యంతరం చెప్పలేదని కూడా గుర్తుంచుకోవాలి. అదే నివేదికలో, అన్ని మతాలవారిలోనూ అత్యధికుల సన్నిహిత మిత్రులు తమ మతంవారేనని తేలింది. అందులో మనమూ ఉన్నాం.

మరి చట్టం ఏమంటుంది? రాజ్యాంగం 15వ అధికరణం మతం పేరిట వివక్ష చూపరాదని ప్రభుత్వాన్ని ఆజ్ఞాపిస్తుంది. దుకాణాలు, హోటళ్ళు, బావులు, రోడ్ల వంటి వాటి విషయంలో పౌరులకు కూడా ఆ నిషేధం వర్తిస్తుంది. అద్దె ఇంటి మాట అందులో లేదు. 2005లో అహమ్మదాబాదులోని ఒక పార్సీ సహకార గృహ నిర్మాణ సంఘం వ్యాజ్యంలో, సభ్యత్వాన్ని తమ సమాజం వారికే పరిమితం చేసుకునే ఉపనిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చినదే కదా అన్నది దాని సారం. ఒక చిన్న సమాజం తన ఉనికిని కాపాడుకోవడానికి కోరుకున్న హక్కు అది. కాని అదే హక్కును పట్టణంలోని మంచి కాలనీలన్నీ వాడుకుంటే, సంఖ్యలో చిన్నవారికి, ధనంలో తక్కువవారికి మిగిలేది ఏమిటి? సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్ కావాలన్నది. భిన్న సమూహాలవారు కలిసి ఉండే గృహ సముదాయాలు కట్టేవారికి ప్రోత్సాహకాలు ఇవ్వాలని కూడా సూచించింది. దాదాపు రెండు దశాబ్దాలుగా మనం రిజర్వేషన్ శాతం గురించే మాట్లాడుతున్నాం గాని, ఈ రెండు సూచనల కోసం ఒక్క వినతిపత్రమైనా ఇచ్చామా?

ఇంతవరకు ఎదుటివారి సంగతి. ఇక మన సంగతి. ఈ మాట చెప్పాలా వద్దా అని నిన్న రాత్రి వరకు ఆలోచించాము. చెప్పకపోతే ఈ ఉపన్యాసానికి అర్థం లేదు.

మా అమ్మాయి ఇల్లు వెదకడానికి రెండేళ్ళ ముందు, మేము మసీదు కమిటీలో బాధ్యతలు చూస్తున్న రోజుల్లో, మా గల్లీలో ఒక వితంతువు ఇల్లు అద్దెకు ఖాళీ అయింది. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒక దళిత క్రైస్తవ సోదరి, భర్త, ఇద్దరు పిల్లలతో వచ్చి ఇల్లు చూసుకుని, అడ్వాన్సు ఇస్తామన్నారు. గల్లీలో కొందరు గుసగుసలాడారు. మేము ఆ ఇంటామె దగ్గరకు వెళ్ళి, "ఆపా, మన గల్లీలో మనవాళ్ళకే ఇస్తే బాగుంటుంది కదా" అన్నాము. చాలా మృదువుగానే అన్నాము. ఆమె మా మాట కాదనలేక వాళ్ళను పంపించివేసింది. అది పెద్ద విషయమని కూడా ఆనాడు మాకు తోచలేదు. రెండేళ్ళ తరువాత ఫోనులో మా అమ్మాయి ఆ పెద్దాయన మాటలు చెబుతుంటే, మా గొంతే మాకు వినబడింది. మాట అదే, మృదుత్వం అదే. ఆ నర్సును వెదికి క్షమాపణ కోరాలని ఆసుపత్రికి వెళ్ళాము. అప్పటికి బదిలీ మీద వెళ్ళిపోయింది.

మనలో మనకు మాత్రం గోడలు లేవా? దూదేకుల సోదరులు ఇంట్లో తెలుగు మాట్లాడతారని వారిని వేరుగా చూడలేదా? సయ్యదు, షేకు, పఠాను అని సంబంధాల దగ్గర లెక్కలు వేయలేదా? బయటివాడు మనందరినీ ఒకే గాటన కట్టి ఇల్లు నిరాకరిస్తాడు. ఇంటిలోపల మనం మళ్ళీ అరలు కట్టుకుంటాం. హక్కు అడిగే నోటికి ఈ అరలు అడ్డం పడతాయి.

మన ధర్మం ఇచ్చిన ఆదర్శం ఇది కాదు. మానవులను జాతులుగా, తెగలుగా చేసినది ఒకరినొకరు తెలుసుకోవడానికేనన్న అర్థం హుజురాత్ సూరా 13వ ఆయత్‌లో ఉంది. 622లో హిజ్రత్ తరువాత దైవప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం మక్కా నుంచి వచ్చిన ముహాజిర్లను, మదీనాలోని అన్సార్లను జతలు జతలుగా సోదరులను చేశారు. వ్యాపారం తెలిసినవారిని వ్యవసాయం తెలిసినవారితో కలిపారు. పర్షియా నుంచి వచ్చిన సల్మాన్‌కు మదీనావాసి అబూ దర్దా సోదరుడయ్యాడు. పోలికలు చూసుకుని ఎవరంతట వారు కలిసేదాకా వేచి ఉండలేదు. కలిపే ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు అన్నదే మనకు పాఠం.

ఆధునిక పరిశోధన కూడా ఏర్పాటు గురించే చెబుతోంది. ఆశుతోష్ వార్ష్ణేయ్ 2002లో ప్రచురించిన గ్రంథంలో అలీగఢ్‌ను కాలికట్‌తో, హైదరాబాదును లక్నోతో, అహమ్మదాబాదును సూరత్‌తో పోల్చి, కొన్ని నగరాలలో మతకలహాలు ఎందుకు చెలరేగుతాయి, కొన్నిటిలో ఎందుకు ఆగుతాయి అని వెదికాడు. పలకరింపులు, పండుగల రాకపోకలు మంచివే గాని, పెద్ద నగరాలలో పుకార్ల గాలి వీచినప్పుడు అవి ఒక్కటే నిలబడలేవన్నాడు. వర్తక సంఘాలు, కార్మిక సంఘాలు, వృత్తి సంఘాలు, పఠన మందిరాలు, వీటిలో రెండు మతాలవారూ కలిసి సభ్యులుగా ఉన్నచోట శాంతి నిలిచిందన్నాడు. లక్నోలో చికన్ వస్త్రాల వ్యాపారులు హిందువులు, కుట్టేవారు ముస్లింలు. ఒకరు లేకపోతే రెండవవారికి పూట గడవదు.

మన ప్రాంతంలో పండుగల కలయికకు కొదవ లేదు. నెల్లూరు బారా షహీద్ దర్గా రొట్టెల పండుగకు అన్ని మతాలవారూ వస్తారు. ఉగాది నాడు దేవుని కడప ఆలయానికి ముస్లిం కుటుంబాలు వెళ్ళే ఆచారం ఉంది. ఇవి మనకు గర్వకారణాలే. కాని సంవత్సరానికి ఒకనాడు కలిసే చేతులు మిగతా 364 రోజులు ఏ సంఘంలో, ఏ కమిటీలో కలుస్తున్నాయి?

అందువల్ల సోదరులారా, కొన్ని పనులు మాత్రమే విన్నవిస్తాము. పిల్లలను ఏ బడిలో చేర్పించినా, ఆ బడి తల్లిదండ్రుల కమిటీలో మనవారు ఒకరైనా సభ్యులు కావాలి. వర్తకులు పట్టణ వర్తక సంఘంలో, ఉద్యోగులు ఉద్యోగ సంఘంలో చందా కట్టడంతో సరిపెట్టక పదవికి పోటీ చేయాలి. మన షాదీఖానాలో నడుస్తున్న ఉచిత ట్యూషన్‌లోకి అన్ని మతాల పిల్లలను తీసుకోవాలి. గత సంవత్సరం నుంచి ఇది మొదలైంది, ఈనాటి ముందు వరుసలో ఆ పిల్లలున్నారు. సమాన అవకాశాల కమిషన్ కోసం మన ప్రజాప్రతినిధులకు వ్రాతపూర్వకంగా విజ్ఞప్తి చేయాలి. దాని నమూనా వ్రాసి ఇచ్చే గుమాస్తా పని మాకు అప్పగించండి. చివరగా, మన గల్లీలో ఇల్లు ఖాళీ అయినప్పుడు, వచ్చినవారి పేరు అడగక ముందు వారి అవసరం అడగాలి. మనం ఇతరులను అడుగుతున్న న్యాయాన్ని ముందు మన తాళంచెవితో మొదలుపెడదాం.

పోలిక గలవారితో స్నేహం మానుకోమని మేము చెప్పడం లేదు. మొహల్లా లేకపోతే మేము లేము. కాని స్నేహితుణ్ణి ఎంచుకునే స్వేచ్ఛ వేరు, ఎంచుకోవడానికి ఎవరూ మిగలకపోవడం వేరు. మొదటిది మన హక్కు. రెండవది మన మీద జరిగిన అన్యాయం, కొంత మనం చేసుకున్న అన్యాయం కూడా.

మా పక్క బల్ల మిత్రుడు ఇప్పటికీ ఈ ఊళ్ళోనే ఉన్నారు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, ఈ సభకు రాలేనన్నారు. నికాహ్ నాటి రాత్రి మా శ్రీమతి వేసిన ప్రశ్నకు పోయిన నెలలో జవాబు చెప్పాము. ఇద్దరమూ కలిసి ఆయన ఇంటికి వెళ్ళాము. ఆయన సతీమణి మా శ్రీమతి చేయి పట్టుకుని, "ముప్ఫై ఏళ్ళుగా మీ పేరు వింటున్నాను వదినా, ఇన్నాళ్ళకు చూశాను" అన్నది. ఇద్దరి ఇళ్ళ మధ్య దూరం ఒక కిలోమీటరు కూడా లేదు.